చాట్స్‌వర్త్‌లో చేమదుంపలు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్ళి సముద్రం చూడలేదా అని ఎవరూ అనకుండా బీచ్‌లో ఓ సాయంత్రం తిరిగాను. దాని సంగతి అంతే. రాయాలనిపించింది శనివారం పొద్దున గురించే.

ఊరి శివారులోని చాట్స్‌వర్త్‌కి కారు కావాలంటే లాడ్జివాళ్ళు చెప్పిన రేటు విని గుండె గుభేలుమంది. మినీబస్సు ఎక్కాను. అక్కడ దాన్నే టాక్సీ అంటారు. మన సెవెన్ సీటర్ ఆటోలాగే నిండితేగాని కదల్లేదు. వెనక సీట్లవాళ్ళ డబ్బులు చేతులు మారుతూ ముందుకెళ్ళాయి, చిల్లర అదే దారిన వెనక్కొచ్చింది. ఒక్క నాణెం తప్పిపోలేదు!

కొండవాలంతా ఒకే అచ్చులో పోసినట్టు జంట ఇళ్ళు. ఏ జాతివాళ్ళు ఎక్కడుండాలో గీత గీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం చూపించి, 1960ల్లో భారతీయుల్ని ఊళ్ళోంచి లేపి ఇక్కడ పోగేశారు. నది అవతల ఉమ్లాజీ ఆఫ్రికన్లకి. ఊరికి దూరంగా వాడలు చూస్తూ పెరిగినవాణ్ణి, నాకిదేం వింతగా అనిపించలేదు. అనిపించకపోవడమే బాధేసింది.

వెస్ట్‌క్లిఫ్‌లో దిగితే బంగ్లాదేశ్ మార్కెట్. పేరే గాని అమ్మేవాళ్ళలో సగం మన మొహాలే. బెండకాయలు, కరివేపాకు, కొత్తిమీర. వంకాయ అక్కడా బ్రింజాలే, ఆకుకూరలు మాత్రం 'హెర్బ్స్'. ఒక పెద్దావిడ గోనెపట్టా మీద మట్టి వదలని చేమదుంపలు పోసుకుని కూర్చుంది.

"మడుంబీ" అంది. జులూ మాటట.

"చేమదుంప" అన్నాను.

"మడుంబీ," అని మళ్ళీ నిదానంగా చెప్పింది, పలకడం నాకు రానట్టు.

ఇంటిపేరు నాయుడట, "నాయ్‌డూ" అని సాగదీసింది. "వి ఆర్ తెలుగు ఆల్సో." 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీల్ని దించాక, ఆ వెనక వచ్చిన ఏదో ఓడలో వాళ్ళ పెద్దలు వచ్చారు. ఏ ఊరో తెలీదు. డర్బన్ మున్సిపాలిటీ భారతీయ పనివాళ్ళుండే మ్యాగజీన్ బారక్స్ ఖాళీ చేయించి సామానంతా లారీకెక్కించిన రోజు మాత్రం తెలుసు. అప్పటికి తనకి పదేళ్ళు.

మోండా మార్కెట్ అలవాటు కొద్దీ బేరమాడాను. తెలుగువాళ్ళమన్న మొహమాటానికైనా ఒక్క రాండ్ తగ్గలేదు. చిల్లర నా అరచేతిలో పెడుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. ఐదో నాణెం చేతిలోనే పట్టుకుని కళ్ళు మూసుకుంది, వెతుక్కుంది. ఆఖరికి "ఫైవ్" అని పెట్టేసింది.

లాడ్జి గదిలో పొయ్యి లేదన్న సంగతి టాక్సీ ఎక్కాక గుర్తొచ్చింది. ఒళ్ళో కిలో చేమదుంపలు.