మేరీవిల్ జనాభా లెక్కల్లో మనమూ ఉన్నాం

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని మేరీవిల్‌లో చదువుకున్న మనవాళ్లని ఎవరిని కదిపినా ముందు చలి గురించి చెప్తారు, తర్వాత మొక్కజొన్న చేల గురించి, ఆ తర్వాత కరివేపాకు కోసం తొంభై మైళ్ల అవతలున్న కాన్సస్ సిటీకి ఎవరి కారులోనో ఇరుక్కుని వెళ్లిన కథ. నేనూ ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఇవే చెప్పేదాన్ని. కానీ మన పూర్వ విద్యార్థుల సంచికకి రాయమని అడిగేసరికి ఊరి గురించే రాయాలనిపించింది. నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ గురించి ఎలాగూ అందరూ రాస్తారు, దాన్ని 1905 నుంచీ కడుపులో పెట్టుకున్న ఊరి గురించి కూడా ఒకరు రాయాలి కదా.

ఆ నేల అసలు మిస్సోరీది కాదు. అయోవా, సాక్, ఫాక్స్ తెగలది. 1836లో వాళ్ల దగ్గర ప్రభుత్వం ఆ వాయవ్య మూలంతా 7,500 డాలర్లకి రాయించుకుంది, మరుసటి ఏడాది దాన్ని మిస్సోరీలో కలిపేశారు. ఆరు కౌంటీలంత (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) భూమికి ఆ డబ్బు! మనం చదివిన ఏ కోర్సులోనూ ఈ సంగతి రాలేదు, వచ్చి ఉండాల్సింది. 1845లో నోడవే కౌంటీ ఏర్పడింది, దానికి ముఖ్య పట్టణంగా మేరీవిల్ వెలిసింది. అప్పటి కౌంటీ క్లర్కు భార్య మేరీ గ్రాహం పేరే ఊరికి పెట్టారు. అంతర్యుద్ధం అయ్యాక రైలొచ్చింది, నల్లరేగడి లాంటి ఆ మంచి నేల కోసం జనం ఎగబడి వచ్చారు. డౌన్‌టౌన్‌లో కనిపించే ఎర్ర ఇటుకల కోర్టు భవనం ఆ కలిగిన రోజుల్లో, 1880ల మొదట్లో కట్టిందే. ఇప్పటికీ కోర్టు అక్కడే నడుస్తోంది.

1900 సెన్సస్‌లో నోడవే కౌంటీ జనాభా దాదాపు 33 వేలు. 2020లో 21,241. మధ్యలో ఇక్కడ యుద్ధం జరగలేదు, కరువొచ్చి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అవలేదు, అయినా మూడో వంతుకి పైగా జనం తగ్గిపోయారు. ఎందుకో నాకు లెక్కలు చూస్తే అర్థం కాలేదు, మా ఇంటి ఓనరు చేను చూశాకే అర్థమైంది. ఆయన రైతు, డెబ్బై దాటినా ఇంకా తనే సాగు చేసేవాడు. అక్టోబర్‌లో ఒక శనివారం మొక్కజొన్న కోత చూస్తారా అని మమ్మల్ని తీసుకెళ్లాడు. హార్వెస్టర్ ఒక్కసారికి పన్నెండు సాళ్లు లాగేస్తోంది, కంకులు లోపలికి పోతున్నాయి, గింజలు పైన తొట్టిలో పడుతున్నాయి. తొట్టి నిండగానే పక్కనే ట్రాక్టర్ ఒకటి బండి తగిలించుకుని వస్తుంది, మిషన్ ఆగకుండానే గొట్టంలోంచి గింజ అందులోకి పోస్తుంది. మిషన్‌లో ఆయన, ట్రాక్టర్ మీద కొడుకు. ఇద్దరే! మా గోదావరి పక్క పదెకరాల వరి కోతకి ఒకప్పుడు పేటంతా చేలో దిగేదని చెప్తే ఆయనకి ఆశ్చర్యం కలగలేదు. తన చిన్నప్పుడు ఈ రోడ్డు పొడుగునా ప్రతి నూట అరవై ఎకరాలకీ ఒక ఇల్లుండేదట, పిల్లలకి ఒక గది బడి ఉండేదట, ఇప్పుడా పొలాలన్నీ తనే చేస్తున్నానని చెప్పాడు. గర్వంగా చెప్పలేదు. ఒక్కొక్క కుటుంబం పేరూ చెప్పుకుంటూ, ఏ ఇల్లు ఎక్కడుండేదో చేత్తో చూపిస్తూ వెళ్లాడు, అక్కడంతా చేనే ఉంది.

మరి చుట్టూ పల్లెలు ఖాళీ అవుతుంటే మేరీవిల్ ఎలా పెరిగింది? 1900లో నాలుగున్నర వేలున్న ఊరు 2010 నాటికి 11,972 అయింది. నా ఉద్దేశంలో దీనికి పెద్ద కారణం 1905. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఒకటి పెడతామంటే ఊళ్లన్నీ పోటీ పడ్డాయి, మేరీవిల్ వాళ్లు 86 ఎకరాల భూమీ చందాల డబ్బూ ఇచ్చి దాన్ని తెచ్చుకున్నారు. రైతులూ షాపుల వాళ్లూ కలిసి వేసిన ఆ పెట్టుబడే ఊరిని నిలబెట్టింది. 1980ల చివర్లో కవాసాకీ ఇంజన్ల ఫ్యాక్టరీ వచ్చింది, అదీ సాయపడింది. కానీ యూనివర్సిటీ లేకపోతే ఆ ఊరు కూడా పక్క పల్లెల దారే పట్టేదని నేను గట్టిగా నమ్ముతాను.

జనాభా గురించి రాస్తూ 1931 గురించి రాయకపోతే అన్యాయం. ఆ జనవరిలో రేమండ్ గన్ అనే నల్లజాతి యువకుడిని, కేసు విచారణకి రాకముందే, మూక లాక్కెళ్లి బడి పైకప్పు మీద కట్టేసి తగలబెట్టింది. వేల మంది నిలబడి చూశారు. ఆ తర్వాత ఊళ్లో ఉన్న నల్లజాతి కుటుంబాలు చాలావరకు భయంతో వెళ్లిపోయాయి. సెన్సస్ పట్టికలో అది చిన్న అంకె తేడాగానే కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన మనల్ని ఆ ఊరు ఎంతో ఆదరించింది, థాంక్స్ గివింగ్‌కి ఇంటికి పిలిచి భోజనం పెట్టింది, నేను దాన్ని ఎప్పటికీ మర్చిపోను. అందుకే ఇది కూడా తెలుసుకోవాలంటాను.

ఇక మన సంగతి. 1987లో ప్రతి హాస్టల్ గదిలో కంప్యూటర్ పెట్టిన యూనివర్సిటీ అది, దేశంలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో అదే మొదటిది. తర్వాత ఆ కంప్యూటర్ల చదువు కోసమే హైదరాబాద్, గుంటూరు, వరంగల్ నుంచి మనం వెళ్లాం. అద్దెలు కట్టాం, హైవీ సూపర్‌మార్కెట్లో పెరుగు డబ్బాలు ఖాళీ చేశాం, యూనివర్సిటీ జట్టు బేర్‌క్యాట్స్ మ్యాచ్‌లకి రూల్స్ తెలియకపోయినా గొంతు పోయేలా అరిచాం. రెండేళ్లకి మనం వెళ్లిపోయినా మన గదుల్లోకి జూనియర్లు వచ్చారు. ఆ ఊరి లెక్కలో మన చోటు అలాగే ఉంటుంది.

2020లో ఊరి జనాభా 10,633కి దిగింది. సెన్సస్ అంకెని బట్టే రోడ్లకీ, బడులకీ, ఆసుపత్రులకీ కేంద్రం నుంచి డబ్బు వస్తుంది. చదువు కోసం వచ్చిన విదేశీ విద్యార్థుల్ని కూడా వాళ్లు ఉంటున్న ఊళ్లోనే లెక్కేస్తారు, వీసాతో సంబంధం లేదు, మన వివరాలు వేరే ఏ ఆఫీసుకీ ఇవ్వకూడదని చట్టం ఉంది. మనవాళ్లలో చాలామంది ఆ ఫారం మనకి కాదులే అనుకుని పక్కన పడేస్తారు. తర్వాతి లెక్క 2030 ఏప్రిల్ 1న. అప్పటికి అక్కడ చదివే జూనియర్లకి మన వాట్సాప్ గ్రూపుల్లో ముందే చెప్పి పెడదాం, ఒక్క గది కూడా వదలకుండా అందరి చేతా ఫారం నింపిద్దాం.