తపసి చెట్టు బతికితేనే బంక

నల్లమల చెంచులకు తపసి చెట్టు నుంచి కారే బంక (గమ్ కరాయ) వేసవి ఆదాయం. గొడ్డలితో లోతుగా నరికితే ఆ ఏడాది బాగానే కారుతుంది. కానీ గాయం పూడదు, పురుగు చేరి చెట్టు ఎండిపోతుంది. గిరిజన సహకార సంస్థ (జీసీసీ), కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి నేర్పిన పద్ధతి విలువ ఇక్కడే తెలుస్తుంది. చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిన చెట్టునే ఎంచుకోవాలి. పదునైన పనిముట్టుతో బెరడు చెక్కాలి, కొయ్యలోకి లోతుగా దిగకూడదు. గాటు కింద పాలిథిన్ కట్టాలి. నేలన పడ్డ బంకకు ఇసుక అంటుకుంటే ఎంత ఏరినా పోదు. ముద్దలను నీడన ఆరబెట్టి, బెరడు ముక్కలు తీసేసి, రంగును బట్టి వేరు చేయాలి. తడిగానే మూట కడితే రంగు మారి, పుల్లటి వాసన వస్తుంది.

నా దృష్టిలో శిక్షణలు ఎక్కువగా దెబ్బతినేది అడవిలో కాదు, తూకం దగ్గర. శుభ్రమైన తెల్ల బంకకూ మట్టి బంకకూ ఒకే ధర కడితే జాగ్రత్తగా చెక్కడం ఎవరికి గిట్టుతుంది? జనం మళ్లీ గొడ్డలే పట్టుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం బంక లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సరుకు వాళ్లదే కాబట్టి గ్రేడు నమూనాలు సీసాల్లో పెట్టి, సేకరించినవాళ్ల కళ్లముందే గ్రేడు వేసి, ధర చెప్పి, ఆ తర్వాతే తూయాలి.