‘మనవాళ్ళు’ అంటే ఎవరు? – నా అనుభవం

నాకు ఊహ తెలిసేనాటికే మా ఇంట్లో ఒక పార్టీ ఉంది. దాని పేరు ఎవరూ పెద్దగా పలికేవారు కాదు. ‘మనవాళ్ళు’ అనేవారు, అంతే. అవతలి పార్టీ ‘వాళ్ళు’. రేడియోలో వార్తలు వస్తున్నప్పుడు మనవాళ్ళ నాయకుడు మాట్లాడితే నాన్న కుర్చీలో ముందుకు వంగి వినేవారు. వాళ్ళ నాయకుడి గొంతు రాగానే చెయ్యి చాచి సౌండ్ తగ్గించేవారు. పూర్తిగా కట్టేసేవారు కాదు. మాట తెలియకుండా గొణుగుడు మాత్రం వినిపించేంత తగ్గించి, అది అయ్యాక మళ్ళీ పెంచేవారు. ఆయన ఏం చెప్పాడో నాకు ఎప్పుడూ తెలియలేదు. అది వినదగ్గ మాట కాదని మాత్రం ఆరేళ్ళకే తెలిసిపోయింది.

ఓటు హక్కు వచ్చింది, వేశాను. ఎవరికో చెప్పక్కర్లేదు. ముప్పై దాటేదాకా అది నా సొంత నిర్ణయమనే అనుకున్నాను.

ఒకరోజు ఆఫీసులో నాకంటే చిన్నదైన ఒకమ్మాయి ‘మీరు ఆ పార్టీవైపే ఎందుకుంటారు?’ అని అడిగింది. చెప్పాను. ‘అదెందుకు మంచిది?’ అంది. అదీ చెప్పాను. మూడోసారి ‘ఎందుకు’ అన్నప్పుడు నా దగ్గర మాట లేదు. ఆ పిల్ల గెలవాలని అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఆ ప్రశ్న నాతో ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి ఒక నోట్‌బుక్ తీసి పేజీకి నిలువుగా గీత గీశాను. ఎడమవైపు నా అభిప్రాయం, కుడివైపు అది ఎక్కడి నుంచి వచ్చిందో. పన్నులు, చదువు, పోలీసులు, మతం, బయటి నుంచి వచ్చి స్థిరపడేవాళ్ళు, ఇలా ఏది తోస్తే అది రాశాను. వారం రోజుల్లో 36 అయ్యాయి. కుడివైపు నింపడానికి ఇంకో నెల పట్టింది. 21 వరుసల్లో ‘ఇల్లు’ అని, 8 వరుసల్లో ‘హాస్టల్’ అని రాయాల్సి వచ్చింది. 5 ఎక్కడివో తేలలేదు. నేను చూసి, ఆలోచించి తేల్చుకున్నవి రెండంటే రెండు.

నాకొక్కదానికే ఇలా జరిగిందా అని చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఫ్రెడ్ గ్రీన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1958లో బడిపిల్లల్ని అడిగాడు. నాలుగో తరగతి పిల్లల్లోనే సగానికి పైగా తాము ఏ పార్టీయో చెప్పేశారు. ఆ పార్టీకీ ఈ పార్టీకీ తేడా ఏమిటంటే ఎక్కువమంది చెప్పలేకపోయారు. అది చదువుతుంటే రేడియో గుండీ మీద నాన్న వేళ్ళు కళ్ళముందు కదిలాయి. పిల్లలకు ముందు అందేది వాదన కాదు, ఇంట్లోవాళ్ళ గొంతు, వాళ్ళ ముఖం. కారణాలు ఆ తర్వాతెప్పుడో వచ్చి చేరతాయి, వస్తే.

ఇంకొకటి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 1965లో అమెరికాలోనే కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ అనే ఇద్దరు పరిశోధకులు 97 హైస్కూళ్ళలో చివరి ఏడాది చదువుతున్న 1,669 మందినీ, వాళ్ళ తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించారు. పార్టీ విషయంలో పిల్లలూ పెద్దలూ చాలావరకు కలిశారు. ఒక్కో సమస్య మీద అభిప్రాయం అడిగితే మాత్రం ఆ పోలిక బాగా పలచబడింది. అంటే ఇంటినుంచి వచ్చేది ముఖ్యంగా పేరు. ఆ పేరు వెనక ఏముండాలో ఎవరికి వాళ్ళం నింపుకుంటాం, లేదా ఖాళీగానే మోస్తాం.

అది నిజమో కాదో చూద్దామని నాన్న దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లోంచి ఐదు విషయాలు అడిగాను. రెండింటిలో ఆయన నాకు పూర్తిగా ఎదురు. ‘అదేంటమ్మా, మనమిద్దరం ఒకటే కదా ఇన్నాళ్ళూ?’ అన్నారు. ఒకటేనని ఇద్దరం అనుకున్నాం, అంతే. ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం మేం మాట్లాడుకున్నంత అంతకుముందు ముప్పై ఏళ్ళలో మాట్లాడుకోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన అతి విలువైన సాయంత్రం అదే.

‘హాస్టల్’ అని రాసిన 8 వరుసలు నన్ను కాస్త బాధపెట్టాయి. అవి తిరుగుబాటు అనుకున్నాను ఒకప్పుడు. తీరా చూస్తే పక్క మంచం స్నేహితురాలి మాటలు! అమెరికాలోని బెన్నింగ్టన్ అనే అమ్మాయిల కాలేజీ గురించి చదివాక ఆ బాధ తగ్గింది. 1930లలో థియొడోర్ న్యూకోమ్ అనే పరిశోధకుడు అక్కడి విద్యార్థినుల్ని ఏళ్ళ తరబడి గమనించాడు. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు మొదటి సంవత్సరం అమ్మాయిల్లో 62 శాతం, ఇళ్ళలో లాగే, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ వైపున్నారు. మూడు, నాలుగు సంవత్సరాల వాళ్ళలో ఆ వైపున్నది 15 శాతమే. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి అడిగితే చాలామంది ఆ మారిన అభిప్రాయాల మీదే ఉన్నారు. వాళ్ళు కట్టుకున్న మనుషులు, కలుపుకున్న స్నేహాలు కూడా ఆ మార్పును నిలబెట్టాయి. దీన్ని గుంపు వెంట పోవడం అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మనుషుల మధ్య కాక అభిప్రాయం ఇంకెక్కడ పుడుతుంది? ఎవరి మధ్య పుట్టిందో తెలిసి ఉండాలి, అంతవరకే.

ఇంతవరకూ జరిగింది కాగితం మీద. అసలు మార్పు రోడ్డు మీద వచ్చింది.

మా పాప బడి ముందు రోడ్డు దాటడం గండంగా ఉండేది. అక్కడ స్పీడ్ బ్రేకర్లు, జీబ్రా క్రాసింగ్ కావాలని వినతిపత్రం ఇద్దామనుకున్నాను. నాతో కలిసొచ్చింది పక్కింటి మాస్టారు ఒక్కరే. ఆయన పక్కా ‘వాళ్ళ’ మనిషి. ‘ఊరికే ప్రమాదకరం అంటే ఎవరూ వినరమ్మా, లెక్క కావాలి’ అన్నారు. మూడు రోజులు, బడి విడిచే గంటసేపు, రోడ్డుకి ఆయన అటు, నేను ఇటు నిలబడి వచ్చే వాహనాలు లెక్కపెట్టాం. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. రోజూ చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళం. మొదటిరోజు అటూ ఇటూ కలిపి 412 వచ్చాయి. ఆయన కాగితం మీద గీతలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. పెద్ద లారీ వచ్చిన ప్రతిచోటా చిన్న చుక్క కూడా పెట్టారు. ఇన్నేళ్ళూ ఈ మనిషి గొంతు వచ్చినప్పుడు నేనూ సౌండ్ తగ్గించుకునే ఉన్నాను కదా అనిపించింది.

మా ప్రాంత ప్రతినిధి మనవాళ్ళే. కాబట్టి పని ఇట్టే అయిపోతుందనుకున్నాను. ఆయన కాగితం చూశారు, కింద మాస్టారి సంతకం చూశారు, ‘ఇప్పుడొద్దులే’ అన్నారు. మనవాళ్ళలోనే తెలిసినాయన పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు: ‘ఇది అయితే వాళ్ళు తమ ఖాతాలో వేసుకుంటారు. ఎన్నికలయ్యాక చూద్దాం.’

హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగం అప్పుడు గుర్తొచ్చింది. 1970లో ప్రచురించాడు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ళ అబ్బాయిలకు తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో అంచనా వేయమన్నాడు. దాన్నిబట్టి రెండు జట్లు చేశామని చెప్పాడు గానీ, నిజానికి ఎవరు ఏ జట్టో చీట్లు తీసినట్టు వేశాడు. తర్వాత డబ్బు పంచమంటే పిల్లలు తమ జట్టుకే మొగ్గారు. ఇంకా విచిత్రం, ఎవరి బొమ్మలు నచ్చాయన్నదాన్నిబట్టి జట్లు చేశామని చెప్పిన రెండో ప్రయోగంలో, కొన్నిచోట్ల తమ జట్టుకు వచ్చేది తగ్గినా సరే, అవతలి జట్టుకు మరీ తక్కువ వస్తే చాలన్నట్టు పంచారు. చుక్కల లెక్క కోసం, బొమ్మల ఇష్టం కోసం! ఇక్కడ తగ్గేది డబ్బు కాదు, పిల్లల ప్రాణాలకు భద్రత.

కౌన్సిల్ సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. నేను మాట్లాడటం అంటే మనవాళ్ళ మీదే మాట్లాడటం. లేచేసరికి కాళ్ళు వణికాయి. ‘మేము కోరేదేమిటంటే’ అని మొదలుపెట్టి, లెక్కలు చదివి కూర్చున్నాను. తర్వాత మాస్టారు లేచారు. ‘మేము’ అనలేదు ఆయన. ఆ ప్రతినిధి వైపు తిరిగి, ‘మన పిల్లలు రోజూ అక్కడే దాటుతున్నారండీ, మనమే ఏదో ఒకటి చెయ్యాలి’ అన్నారు. మేము అంటే ఎదుటివాడు బయట ఉండిపోతాడు. మనం అంటే లోపలికి వచ్చేస్తాడు. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషే. మా ఇంట్లో ‘మనవాళ్ళు’ అన్నప్పుడు ఆ ‘మన’లో మాస్టారికి చోటు లేదు. ఆయన ‘మన’లో మా ప్రతినిధికి కూడా ఉంది.

స్పీడ్ బ్రేకర్లు నాలుగు నెలలకు వేశారు. జీబ్రా క్రాసింగ్ ఇంకా లేదు, దాని మీద రెండో వినతి ఇచ్చాం.

నేను పార్టీ మారలేదు. ఆ తర్వాతి ఎన్నికల్లోనూ అదే గుర్తుకు వేశాను, కాకపోతే ఈసారి మూడో ‘ఎందుకు’కి కూడా సమాధానం రాసుకుని వెళ్ళాను. మాస్టారు ఆయన గుర్తుకు ఆయన వేసుకున్నారు. అరుగు మీద కూర్చుంటే వాదన తప్పదు. పోయిన నెల ఆస్తి పన్ను మీద రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. రెండో రోజు ఆయన చెప్పిందే సబబనిపించింది. నోట్‌బుక్‌లో ఆరో వరుస కొట్టేసి కొత్తగా రాశాను. కుడివైపు గడిలో ‘మాస్టారు’ అని పెట్టాను.