కనుమ రాత్రి, నాన్న, పదహారో నంబరు గొట్టం

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా అమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది, మేమూ సరేలే తెల్లారనిద్దాం అనుకున్నాం, అలా మూడు గంటలు పోగొట్టుకున్నాం.

మాది కొండపి దగ్గర పల్లె. సంక్రాంతి రోజుల్లో మా వైపు పొగాకు ఆరబెట్టే కొలిమి గదులు, బ్యారన్లు, రాత్రీ పగలూ మండుతుంటాయి. నాన్నకు 71 ఏళ్లొచ్చినా ఆ మంట దగ్గర కాపలా ఇంకొకరికి అప్పజెప్పడు. మంచులో కూర్చుని జలుబు తెచ్చుకుని, మెడికల్ షాపులో అడిగి బిళ్లలు కొనుక్కుని, రెండు రోజులు పూటకొకటి మింగాడు. కనుమ సాయంత్రం నుంచి ఒంటేలు రావడం ఆగిపోయింది. మాకు చెప్పలేదు. దొడ్లోకి వెళ్తాడు, పది నిమిషాలు నిలబడతాడు, వస్తాడు, మళ్లీ వెళ్తాడు. రాత్రి తొమ్మిదింటికి గోడకు చెయ్యి ఆనించి "అబ్బయ్యా, చుక్క కూడా రావడం లేదురా" అన్నప్పుడు గానీ తెలీలేదు.

అప్పుడు మేం చేసినవన్నీ తప్పులే. వేడి చేసిందని అందరి లెక్క. అమ్మ బార్లీ నీళ్లు కాచింది, బాబాయి కొబ్బరిబోండాలు కొట్టాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి మూత్రం ఎక్కువ తయారయ్యే సూది ఒకటి పొడిచి, అరగంటలో వచ్చేస్తుందన్నాడు. తూము మూసుకుపోయిన చెరువులోకి పైనుంచి ఇంకా నీళ్లు వదిలితే ఏమవుతుంది? అదే అయింది. పన్నెండింటికి నాన్న పొత్తికడుపు బొడ్డు దాకా గుండ్రంగా ఉబ్బి, చెయ్యి వేస్తే గట్టిగా తగిలింది. జీవితంలో నొప్పి అని అనని మనిషి మంచం పట్టె పట్టుకుని మూలిగాడు.

పక్కింటి వాళ్ల కారులో ఒంగోలు బయల్దేరాం. టంగుటూరు టోల్‌గేట్ దగ్గర స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగినప్పుడల్లా ఆయన నా మోచెయ్యి పట్టుకుని నొక్కిన నొక్కుడు రెండు రోజులు కమిలిపోయి ఉంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ కడుపు మీద వేళ్లతో తట్టి చూసింది, ఇంకేమీ అడక్కుండా ముందు మూత్రం తీసే గొట్టం వేద్దామంది. స్కానింగులూ రక్తపరీక్షలూ తర్వాత. మొదట మొద్దుబార్చే జెల్లీ లోపలికి ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగింది. ఆ ఆగడమే ముఖ్యమట, చాలాచోట్ల తొందరపడి నొప్పి పెడతారట. సన్నది వేస్తే సుఖంగా ఉంటుంది కదా అన్నాను నేను, తెలివిగా. సన్నది మెత్తగా ఉండి, మూత్రసంచి కింద నాళం చుట్టూ ఉండే ప్రొస్టేట్ గ్రంథి దగ్గర వంగిపోతుందని, 16 నంబరు తీసింది. మూడు నంబర్లు ఒక మిల్లీమీటరు కాబట్టి అది ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు మందం. మూత్రం బయటికొచ్చాక మాత్రమే, గొట్టం జారిపోకుండా లోపలి బుడగలోకి పది మిల్లీలీటర్ల నీళ్లు పట్టించింది. ముందే పట్టిస్తే ఆ బుడగ మూత్రనాళంలోనే ఉబ్బి దాన్ని చీల్చేస్తుందట.

నేను మూత్రం పడే బ్యాగు మీద మిల్లీలీటర్ల గీతలు చూస్తూ నిలబడ్డాను. మూడొందలు, ఆరొందలు, తొమ్మిదొందలు. పదకొండొందల దగ్గర ఆగింది. మామూలు మనిషికి నాలుగైదు వందలకే ఆపుకోలేనంత వస్తుంది. ఆరొందల గీత దాటకముందే నాన్న ఆ స్ట్రెచర్ మీదే గురక పెట్టాడు.

జలుబు బిళ్ల సంగతి మర్నాడు యూరాలజిస్టు చెప్పారు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు ముక్కులో రక్తనాళాలను బిగించినట్టే మూత్రసంచి మెడ దగ్గరున్న కండరాన్నీ బిగిస్తుంది. అదే బిళ్లలో తుమ్ములకు కలిపే మందు మూత్రసంచి పిండే బలాన్ని తగ్గిస్తుంది. ప్రొస్టేట్ పెరిగి దారి అప్పటికే ఇరుకైన మనిషికి ఈ రెండూ కలిస్తే అంతే. రాత్రికి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం రెండేళ్లుగా ఉందట. వయసు కదా అనుకున్నాడట. అడగని మాకు బుద్ధి ఉండాలి.

ఇచ్చిన టాంసులోసిన్ 0.4 మిల్లీగ్రాముల గుళిక సరిగ్గా ఆ కండరాన్నే వదులు చేస్తుంది. దాంతో లేచి నిలబడితే తల తిరగొచ్చు, అందుకే రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు. కంటి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ మందు సంగతి ముందే కంటి డాక్టరుకు చెప్పాలన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.1 ఉంది, గొట్టం వేశాక నాలుగు రోజుల్లో 1.2కి దిగింది. ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ మాత్రం అప్పుడే చేయలేదు. ఇలా బిగబట్టినప్పుడూ, గొట్టం వేసినప్పుడూ అది ఊరికే పెరిగి కనిపిస్తుందని, కొన్ని వారాలు ఆగమన్నారు.

మూడో రోజు గొట్టం తీసి చూశారు. రాలేదు. మళ్లీ వేశారు. ఆ సాయంత్రం నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. బ్యాగుతో ఇంటికొచ్చాం. అది ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి కాబట్టి మంచం పట్టెకు తగిలించేవాళ్లం. టీ కొట్టుకు పోవాలంటే అమ్మ చీరలు కొన్న గుడ్డసంచిలో దాన్ని పెట్టుకుని, కూరగాయలకు పోతున్నట్టు పోయేవాడు. అక్కడ ఇద్దరు ముసలాళ్లు విడివిడిగా, పక్కకు పిలిచి మరీ, తమకూ రాత్రిళ్లు ఇంతేనని చెప్పారట.

పది రోజుల తర్వాత మళ్లీ ఒంగోలు. ఈసారీ రాకపోతే లోపలినుంచి ప్రొస్టేట్ గీకే ఆపరేషన్‌కు సిద్ధపడమన్నారు. పొద్దున్నే గొట్టం తీసి, నీళ్లు తాగమని, వస్తే కొలమగ్గులో పట్టమన్నారు. రెండు గంటలు వరండాలో కూర్చున్నాం. నాన్న మగ్గు పట్టుకుని బాత్రూంలోకి వెళ్లాడు. బయట నేను, అమ్మ, ఇంకో నలుగురు రోగుల తాలూకు వాళ్లు.

లోపలినుంచి, పొగాకు వేలంలో బేలుకు ధర పలికినప్పుడు అరిచే గొంతుతో, "రెండొందల యాభై!" అని వినిపించింది.

"కిలోకా, బేలుకా?" అంది అమ్మ.