ఎర్రోడి తోక

మా పాపకి తొమ్మిదేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ న్యూజెర్సీలో. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్తున్నాను. గుణింతాలు చదువుతుంది, రెండు మూడు పద్యాలు తడుముకోకుండా అప్పజెప్తుంది. కానీ గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావు తల్లీ?" అంటే, "రైస్" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టేసేది. అమ్మ అవతల ఇంకా ఏదో అడుగుతూనే ఉండేది. ఆ కొద్ది క్షణాలు నాకు ఎంత బాధగా ఉండేదో, బయటి దేశాల్లో పిల్లల్ని పెంచుతున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన జులైలో వెళ్ళి గుంటూరు బ్రాడీపేటలో అమ్మ వాళ్ళింట్లో ఐదు వారాలు ఉన్నాం. మొదటి వారమంతా పాప టాబ్లెట్ వదల్లేదు. రెండో వారంలో ఎర్రోడు కనిపించాడు.

ఎర్రోడు వీధి కుక్క. ఇటుక రంగు ఒళ్ళు, ఛాతీ మీద అరచెయ్యంత తెల్ల మచ్చ. ఎడమ చెవి సగంలో మడత పడి కిందికి వాలి ఉంటుంది. తోక వీపు మీదకి చుట్టుకుని కుడిపక్కకి ఒరుగుతుంది. రాత్రి మిగిలిన పెరుగన్నం అమ్మ గేటు పక్కన సత్తు పళ్ళెంలో పెడుతుంది. వానొస్తే మా మెట్ల కిందే పడుకుంటాడు. పాప ఇంగ్లీషులో ఎంత పిలిచినా వాడు చెవి కూడా కదిలించేవాడు కాదు. అమ్మ "రా రా" అనగానే తోకూపుకుంటూ వచ్చేవాడు. రెండు రోజులు చూసి పాప కూడా "రా రా" అనడం మొదలుపెట్టింది.

ఇక వాడిని మనింటికి తీసుకెళ్దామని ఒకటే పట్టు. అమెరికాలోకి వచ్చే కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలని, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలని 2024 ఆగస్టు 1 నుంచి నిబంధన ఉంది. పైగా రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో మన దేశం ఉంది కాబట్టి టీకాలు, రక్తపరీక్షలు, కాగితాలు ఇంకా ఎక్కువ. ఇదంతా చెప్పాను. కానీ వాడికి ఈ వీధే ఇల్లు అని అమ్మ చెప్పిన మాటే పాప మనసుకి తగిలింది. కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక, "అయితే వాడిని క్రోషే చేస్తాను" అంది. క్రోషే అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లడం. అక్కడ స్కూలయ్యాక జరిగే క్లబ్బులో చిన్న ఆక్టోపస్ అల్లడం నేర్చుకుంది లెండి.

క్రోషే అన్న ఆ ఒక్క మాట అమ్మకి అర్థమైంది. లోపలికెళ్ళి పాత బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో తెల్ల నూలు ఉండలు, సన్నటి స్టీలు సూది, సగం అల్లి వదిలేసిన ఒక లేసు పువ్వు.

మా అమ్మ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని తరాలుగా ఆడవాళ్ళ చేతుల్లో నిలిచింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అమ్మ పెళ్ళయి గుంటూరు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని అల్లేది. ఎంత నూలు అల్లితే అంత కూలి, అదీ చాలా తక్కువ. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని ఒకదానికొకటి కలిపి గుడ్డగా చేయడం అతుకుపని. అల్లినదంతా ఎగుమతి వ్యాపారుల చేతుల్లోకి వెళ్ళిపోయేది. "మీకంటే ముందు నా చేతిపనే దేశాలు తిరిగింది. ఎవరింట్లో ఏ బల్ల మీద పరుచుకున్నారో" అంది అమ్మ ఆ పువ్వుని వేళ్ళతో సాగదీస్తూ. తను లేసు అల్లేదని నాకు తెలుసు కానీ ఈ మాట నేనూ మొదటిసారి విన్నాను.

బొమ్మకి ఆ నూలు పనికిరాదు. పట్నం బజారు వెళ్ళి ఇటుక రంగు ఊలు ఉండలు రెండు, తెల్లది ఒకటి, మూడు మిల్లీమీటర్ల సూది కొన్నాం. ఆ సూది చూసి అమ్మ, "ఇదేంటే, గునపంలా ఉంది!" అంది. నేను ఒక కుక్క బొమ్మ నమూనా వెతికి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. మొదటి పొరపాటు అక్కడే జరిగింది.

ఆ నమూనా ఇంగ్లండు పద్ధతిలో రాసినది. వాళ్ళు డబుల్ క్రోషే అనేదాన్ని అమెరికాలో సింగిల్ క్రోషే అంటారు. కుట్టు ఒకటే, పేరు వేరు. పాప తనకి తెలిసిన అమెరికా డబుల్ క్రోషే, అంటే పొడుగు కుట్టు వేసుకుంటూ పోయింది. సాయంత్రానికి తల తయారైంది. దూది కూరితే కుట్ల సందుల్లోంచి తెల్లగా బయటికొస్తోంది. పాప మొహం వాడిపోయింది. అమ్మకి ఆ రెండు పేర్లలో ఏదీ తెలీదు. తలని చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, "లేసుకి చిల్లులే అందం. బొమ్మకి చిల్లులుంటే పేగులు బయటికొస్తాయి. విప్పేయ్, పొట్టి కుట్టు వేద్దాం" అంది. విప్పడమంటే ఏంటో పాపకి చెప్పక్కర్లేకపోయింది. అమ్మ దారం కొస చేతికిచ్చింది, అది లాగింది, ఒక పూట పనంతా గలగలా ఊడి ఒళ్ళో పడింది.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి. ఊలుని వేలికి ఉంగరంలా చుట్టి అందులో ఆరు కుట్లు. రెండో వరసలో ఒక్కోదాంట్లో రెండేసి, పన్నెండు. తర్వాత పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై. వరసకి ఆరు చొప్పున పెంచాలని పాప చెప్పింది. ఎందుకు పెంచాలో అమ్మ చెప్పింది, గుండ్రటి లేసు గుడ్డలు ఎన్ని అల్లిన చేతులో కదా. "పెంచుకుంటూ పోతే పళ్ళెం. పెంచడం ఆపేస్తే గిన్నె. తగ్గించుకుంటూ వస్తే చెంబు." పాప వంటింట్లోకి పరిగెత్తి మూడూ తెచ్చి వరసగా పెట్టుకుంది.

ఈ అల్లిక నత్త గుల్లలా చుట్టూ తిరుగుతూ పోతుంది, వరస ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టకపోతే తెలీదు. క్లబ్బులో దానికి రంగు క్లిప్పులు ఇస్తారట. అమ్మ మంగళసూత్రానికి ఉన్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి మొదటి కుట్టుకి పెట్టింది. వరస తిరిగినప్పుడల్లా పిన్నీసు తియ్యడం, కొత్త కుట్టుకి పెట్టడం పాప డ్యూటీ.

అసలు గొడవ లెక్క దగ్గర వచ్చింది. పాప ఇంగ్లీషులో, అమ్మ తెలుగులో, ఇద్దరూ పైకే లెక్కపెట్టేవారు. ఒకరి లెక్క ఒకరికి అడ్డొచ్చి రెండుసార్లు విప్పాల్సొచ్చింది. చివరికి ఒక్క భాషలోనే అనుకున్నారు. అమ్మకి ఇంగ్లీషు అంకెలు రాక కాదు. సూది తన చేతిలో ఉన్నప్పుడు నోట్లోంచి తెలుగే వస్తుంది. దాంతో పాపే మారింది. పంతొమ్మిది దగ్గర మొదట్లో ఆగేది, తర్వాత ఆగలేదు.

నాలుగో రోజో ఐదో రోజో, నేను కుక్కర్ పెడుతుంటే హాల్లోంచి వినిపించింది. "అమ్మమ్మా, ఇక్కడ ఒక కుట్టు జారింది. విప్పనా?"

నేను అక్కడే నిలబడిపోయాను. నాలుగేళ్ళలో అది ఎవరూ అడక్కుండా తనంతట తను తెలుగులో పూర్తి వాక్యం మాట్లాడటం నాకు గుర్తు లేదు. తర్వాత ఆలోచిస్తే తట్టింది. ఇన్నాళ్ళూ మేం నేర్పినవన్నీ పేర్లు. రంగుల పేర్లు, పళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. అమ్మ దగ్గర దానికి వచ్చినవన్నీ చేసే మాటలు. లాగు, విప్పు, బిగించు, వదులు చెయ్యి, మడువు, జారింది, తెగింది. ఆ మాటలు రాకపోతే పని ముందుకు సాగదు, అందుకని వచ్చేశాయి. బడి మానిపించలేదు, అది దానికి అక్షరాలిచ్చింది. కానీ మాట్లాడే అవసరాన్ని నేను కల్పించలేదని మాత్రం ఒప్పుకుంటాను.

దూది సంగతి కూడా చెప్పాలి. అమ్మ పాత దిండు విప్పి బూరుగు దూది తీసింది. ఉతికితే ఉండలు కడుతుందేమో అన్నాను. "కుక్కని రోజూ ఉతుకుతారా?" అంది పాప, తెలుగులోనే. కళ్ళకి ప్లాస్టిక్ పూసలు పెట్టనివ్వలేదు నేను. మా చిన్నాడికి రెండేళ్ళు, ఊడొస్తే నోట్లో పెట్టుకుంటాడు. నల్ల దారంతోనే కుట్టాం.

ఇక అతుకుపని. నాలుగు కాళ్ళు, రెండు చెవులు, మూతి, తెల్ల మచ్చ. ఎడమ చెవిని అమ్మ సగంలో మడిచి రెండు కుట్లు వేసింది. తోక ఒక్కటి మిగిలిపోయింది. బయల్దేరే రోజు హడావుడిలో టైం దొరకలేదు. అమ్మ తోకని, మొద్దు సూదిని, మూరెడు ఊలుని ఒక కవర్లో చుట్టి పాప బ్యాగులో పెట్టింది.

న్యూజెర్సీ వచ్చిన వారానికి, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పాప తనే వీడియో కాల్ చేసింది. గుంటూరులో సోమవారం పొద్దున్న ఆరున్నర. బొమ్మని కెమెరా ముందు పెట్టి, తోక పట్టుకుని కూర్చుంది.

"కాస్త పైకి. ఇంకొంచెం. అబ్బే, అంత కాదు, కిందికి దించు."

"ఇక్కడా అమ్మమ్మా?"

"ఉండు, వాడినే అడుగుదాం" అని అమ్మ చెప్పులేసుకుని గేటు దగ్గరికి నడిచింది. ఫోన్ ఊగుతుంటే ముందు మెట్లు, తర్వాత తులసి కోట, తర్వాత సత్తు పళ్ళెం కనిపించాయి. ఎర్రోడు లేచి ఒళ్ళు విరుచుకుని అటు తిరిగాడు.

"కుడిపక్కకి" అంది పాప, సూది గుచ్చుతూ.