ముందు ఒక గది కావాలి

కల్ట్ నుంచి, అంటే మనిషి ఆలోచననూ బతుకునూ పూర్తిగా అదుపులో పెట్టుకునే బృందం నుంచి బయటపడాలంటే ముందు దాని మీద నమ్మకం పోవాలని చాలామంది అనుకుంటారు. నాకు నమ్మకం సడలి చాలా కాలమైనా అక్కడే ఉండిపోయాను. నా మంచం అక్కడుంది, సర్టిఫికెట్లు అక్కడున్నాయి, నాతో మాట్లాడే మనుషులంతా అక్కడే ఉన్నారు. ఆ గడప దాటితే రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియని స్థితిలో నన్ను అన్నాళ్లు కట్టిపడేసింది సిద్ధాంతం కన్నా ఆ వసతే.

హాస్టల్‌లో సీటు రాక వెతుక్కుంటున్నప్పుడు నోటీసు బోర్డులో ఒక కాగితం కనిపించింది. విద్యార్థినులకు వసతి, చదువుకు అనువైన ప్రశాంత వాతావరణం అని రాసి, కింద ఒక ఫోను నంబరు ఇచ్చారు. సంస్థ పేరు లేదు. ఫోను చేసిన రోజే ఇద్దరు సీనియర్లు వచ్చి నా పెట్టెలు మోసుకెళ్లారు. జ్వరం వస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్నారు. ఆ ఆప్యాయత అబద్ధమని నేను ఈనాటికీ అనను. ఆ అమ్మాయిలు కూడా అలా చేరినవాళ్లే, నిజంగానే ప్రేమించారు. అయితే ఆ మాటల మధ్యలో అడిగి తెలుసుకున్నవన్నీ, అంటే నాన్న అనారోగ్యం, అన్నయ్యతో వచ్చిన మనస్పర్థ, పరీక్షల భయం, నాకు తెలియకుండానే పైవాళ్లకు చేరేవి. కొన్ని వారాల తర్వాత ప్రసంగంలో సరిగ్గా నా భయాన్నే ఎత్తి మాట్లాడితే, దేవుడే నా మనసు చదివాడనిపించింది.

వారానికోసారి అధ్యయనం అన్నది రోజూ అయింది. తెల్లవారకముందే లేవాలి, రాత్రి సమావేశం ముగిసేసరికి అర్ధరాత్రి దాటేది. పడుకునే ముందు నోటుపుస్తకం రాయాలి. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పేజీకి మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ఆ రోజు చేసిన తప్పులు, కుడివైపు వాటికి మూలమైన బలహీనత. పొద్దున్నే, అక్కడ మా అందరికీ పెద్దగా ఉండే ‘పెద్దక్క’ చదివి ఎర్ర సిరాతో టిక్కు పెట్టేది. పేజీ నిండకపోతే ‘మనసు విప్పడం లేదు’ అని రాసేది. ఆ మాట పడితే ఆ రోజు ఎవరూ నాతో సరిగా మాట్లాడేవాళ్లు కాదు. అందుకని పేజీ నింపడానికి చెయ్యని తప్పులు కూడా రాయడం మొదలుపెట్టాను. రాసిరాసి అవి నిజంగా చేశాననే నమ్మకం కలిగింది. ఫోను మాట్లాడితే ‘లోకంలోకి జారుతున్నావు’ అనేవాళ్లు, ప్రశ్న అడిగితే ‘అహం లేస్తోంది’ అనేవాళ్లు. ప్రతి ప్రశ్నకూ ఒక రోగం పేరు సిద్ధంగా ఉండేది.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు నివాస ధ్రువీకరణ కావలసి వచ్చినప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి. ఫ్లాటు నడిపే సంస్థ పేరు, బాధ్యుల సంతకం అడిగాను. ‘పేరుతో పనేమిటమ్మా, ప్రేమను చూడు’ అంది పెద్దక్క. దరఖాస్తు గడువు దగ్గరపడుతుండగా మళ్లీ అడిగితే, అద్దె ఒప్పందం నకలు తెచ్చి ఒక పేజీ మాత్రం చూపించింది. అందులో ఉన్న పేరు నేనెప్పుడూ వినలేదు. కాలేజీలో వ్యక్తిత్వ వికాస శిబిరం పెట్టినప్పుడు వాళ్లు చెప్పుకున్న పేరు వేరు, పరీక్షల ఒత్తిడి మీద ప్రసంగం పెట్టినప్పుడు వాడిన పేరు మరొకటి. ఒకే మనుషులు ఇన్ని పేర్లతో ఎందుకు తిరుగుతున్నారో ఎవరూ చెప్పలేదు.

కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి నిద్ర పట్టడం లేదనే మిషతో వెళ్లాను. ఆవిడ ఆ బృందాన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే లేచి వచ్చేసేదాన్ని, ఎందుకంటే బయటివాళ్లు నిందిస్తారని మాకు ముందే చెప్పి ఉంచారు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఇంటివాళ్లతో ఒంటరిగా ఎప్పుడు మాట్లాడారు, అక్కడి నుంచి వెళ్లిపోయినవాళ్ల గురించి మిగిలినవాళ్లు ఏమంటారు అని మాత్రం అడిగారు. మూడో ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అంతకుముందు వెళ్లిపోయిన ఒక అమ్మాయి చెడిపోయిందని, ఆమె ఇంట్లో కీడు జరిగిందని మేము రోజూ వినేవాళ్లం. ఆ అమ్మాయి నోటి నుంచి మాత్రం ఎవరూ ఏమీ వినలేదు.

తర్వాతి భేటీలో ఆవిడ రాబర్ట్ జే లిఫ్టన్ గురించి చెప్పారు. చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం బలవంతంగా మనసులు మార్చడానికి జరిపిన ‘ఆలోచనా సంస్కరణ’కు గురైనవాళ్లతో మాట్లాడి, మనిషిని లోపలి నుంచి లొంగదీసే వాతావరణానికి ఎనిమిది లక్షణాలు ఉంటాయని 1961లో రాసిన మనోవైద్యుడు ఆయన. బయటి సమాచారాన్ని అదుపు చేయడం, తప్పు ఒప్పుకోలును అలవాటు చేయడం, సొంత పడికట్టు మాటలతో ఆలోచనను ఆపేయడం, మనిషి అనుభవం కన్నా సిద్ధాంతమే నిజమనడం వాటిలో ఉన్నాయి. నా నోటుపుస్తకం నేను పుట్టకముందే ఎవరో చదివేసినట్టు అనిపించి చాలాసేపు ఏడ్చాను.

ఏడ్చి వెళ్లింది మళ్లీ అదే ఫ్లాటుకు. ముందు గది చూసుకుందాం, మిగతా ఆలోచనలన్నీ తర్వాత అన్నారు కౌన్సెలర్. హాస్టల్ కార్యాలయంలో మొదట కాదన్నారు. ప్రైవేటు వసతి మా పరిధిలోకి రాదు, మీ ఇష్టంతోనే చేరారు కదా అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. పేరు దాచి చేర్చుకున్నప్పుడు ఇష్టం అన్న మాటకు అర్థమేముంది? చివరికి కౌన్సెలర్ రాసిచ్చిన ఉత్తరంతో అతిథుల గదిలో తాత్కాలికంగా మంచం ఇచ్చారు.

సర్టిఫికెట్లు ముందుగా బయటికి వచ్చాయి. పుస్తకాల మధ్య పెట్టుకుని రోజుకు కొన్ని చొప్పున తెచ్చి ఒక క్లాస్‌మేట్ దగ్గర దాచాను. మెయిలుకూ బ్యాంకు ఖాతాకూ పాస్‌వర్డ్‌లు మార్చాను. ఫోను మాకు ఉమ్మడి వస్తువులా ఉండేది కాబట్టి ఆ పని కాలేజీ కంప్యూటర్‌లోనే చేశాను. అందరూ సమావేశానికి వెళ్లిన సమయం చూసి అన్నయ్య, ఆ క్లాస్‌మేట్ వచ్చారు. వెళ్లిపోతున్నానని, క్షేమంగా ఉన్నానని రెండు వాక్యాలు రాసి పెట్టాను. కారణాలు రాయవద్దని కౌన్సెలర్ గట్టిగా చెప్పారు, ఎందుకంటే రాసిన ప్రతి కారణమూ మళ్లీ ఒక చర్చకు పిలుపవుతుంది.

మొదట ప్రేమగా సందేశాలు వచ్చాయి. తర్వాత నాన్న ఆరోగ్యం గురించి హెచ్చరికలు, ఆ తర్వాత ఏమీ లేవు. ఆ హెచ్చరికలు నన్ను చాలా కాలం వేధించాయి. నాన్న దగ్గినా గుండె జారిపోయేది. ఏ పుస్తకం చదవాలో, ఎప్పుడు పడుకోవాలో సొంతంగా నిర్ణయించుకోవడం చేతనయ్యేది కాదు, కట్టు విప్పిన చేయి బరువు ఎత్తలేనట్టు. నిద్ర కుదుటపడ్డాకే ఆలోచన కుదుటపడింది.

నిద్ర ఎంత ముఖ్యమో, తాను కల్ట్ నుంచి బయటపడి తర్వాత అలాంటివాళ్లకు సాయపడే కౌన్సెలర్ అయిన అమెరికన్ స్టీవెన్ హసన్ జీవితం చదివితే తెలిసింది. 1974లో న్యూయార్క్‌లోని క్వీన్స్ కాలేజీలో చదువుతున్నప్పుడు, తామూ విద్యార్థులమేనని చెప్పుకున్న ముగ్గురు యువతుల పరిచయంతో ఆయన సన్ మ్యుంగ్ మూన్ స్థాపించిన యూనిఫికేషన్ చర్చి అనే మత బృందంలోకి వెళ్లారు. 1976లో నిద్రలేమితో వ్యాను నడుపుతూ కునుకు పట్టి ప్రమాదానికి గురయ్యారు. ఆ తర్వాతే కుటుంబం ఆయనను బయటికి తేగలిగింది. నన్ను ఇంకా కదిలించింది అమెరికాలోనే ఉన్న సారా లారెన్స్ కాలేజీ సంగతి. లారెన్స్ రే అనే వ్యక్తి 2010లో జైలు నుంచి వచ్చి, అక్కడ చదువుతున్న కూతురి క్యాంపస్ వసతిలోనే మకాం పెట్టాడు. ఆమెతో కలిసి ఉంటున్న విద్యార్థులను లొంగదీసుకుని, చెయ్యని నేరాలు చేసినట్టు వాళ్లచేత ఒప్పించి, ఆ ఒప్పుకోళ్లను చూపి డబ్బు గుంజాడు. 2022లో దోషిగా తేలాడు, 2023 జనవరిలో 60 ఏళ్ల శిక్ష పడింది. ఆ కథలో మతం లేదు, పెద్ద సంస్థ కూడా లేదు. ఒకే కప్పు కింద ఉండడం, చెయ్యని తప్పులు రాయించడం చాలు.

ఇదంతా మా విద్యార్థి సంక్షేమ విభాగానికి రాసిచ్చాను. వసతి ప్రకటన అతికించేవాళ్లు సంస్థ అసలు పేరు, బాధ్యుల పేరు తప్పనిసరిగా రాయాలని కోరాను. ఆ నియమం వచ్చింది, బోర్డు మీద పాటిస్తున్నారు. ఫోన్లలో తిరిగే ప్రకటనలకు అది వర్తించదు, దాని గురించి ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఆ ఫ్లాటులో నా గదిలో ఉన్న అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. నేను లోపల ఉన్నంతకాలం అన్నయ్య ఆ బృందం ఊసెత్తకుండా ఇంటి కబుర్లు మాత్రమే పంపేవాడు. నేనూ ఆమెకు అలాగే క్లాసు కబుర్లు పంపుతుంటాను. చాలా కాలం జవాబు లేదు. మొన్న పరీక్షల టైంటేబుల్ ఉందా అని అడిగింది. పంపించాను. హాస్టల్ దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడో కూడా దాని కిందే రాశాను.