పది ఆల్బమ్‌ల లిస్టు, మూడు వారాల తంటా

2016లో విన్న కొత్త ఆల్బమ్‌లకు ర్యాంకులు ఇచ్చుకుందామని ఆ డిసెంబరులో కూర్చున్నాను. ఒక సాయంత్రం పనే కదా అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఫోన్‌లో రాసిపెట్టుకున్న పేర్లు ముప్పై నాలుగు. నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: మొదటి పాట నుంచి చివరిదాకా వరసగా వినాలి, స్కిప్ కొట్టకూడదు. దాంతోనే సగం లిస్టు రాలిపోయింది. రెండు మంచి పాటల మీద బండి లాగించేసిన ఆల్బమ్‌లు అన్ని ఉన్నాయని అప్పుడే తెలిసింది.

అసలు చిక్కు బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ దగ్గర వచ్చింది. 'బ్లాక్‌స్టార్' జనవరి 8న, ఆయన 69వ పుట్టినరోజునే వచ్చింది. ఆయన 10న పోయారు. నేను మొదటిసారి విన్నది 9న. ఆ రోజు నోట్సులో ఇలా ఉంది: 'సాక్సోఫోన్ బావుంది. మొదటి పాట మరీ సాగింది.' దాదాపు పది నిమిషాల పాట మరి. వార్త తెలిశాక అదే పాట విని ఏడ్చాను. ఇప్పుడు ఒకటో నంబరు పక్కన దాని పేరు రాయబోతుంటే చెయ్యి ఆగింది. ఈ మార్కులు పాటకా, చావుకబురుకా?

రెండో పాట మొదట్లో గట్టిగా ఊపిరి తీసి వదిలే చప్పుడు ఉంటుంది. 9న అది నాకు హుషారుగా వినిపించింది. తర్వాత రోగి ఊపిరిలా వినిపించింది. చప్పుడు మాత్రం అదే. కెనడా గాయకుడు లియొనార్డ్ కోహెన్‌తోనూ ఇదే బాధ. అక్టోబరు 21న ఆల్బమ్, నవంబరు 7న మరణం. కాకపోతే ఆయన గొంతు ముందు నుంచీ వీడ్కోలు చెబుతున్నట్టే ఉంది కాబట్టి నా మార్కు పెద్దగా మారలేదు.

అమెరికన్ రాపర్ కాన్యే వెస్ట్‌ది ఇంకో తలనొప్పి. 'ది లైఫ్ ఆఫ్ పాబ్లో' ఫిబ్రవరిలో వచ్చాక కూడా దాన్ని మారుస్తూనే పోయాడు, జూన్‌లో ఏకంగా కొత్త పాట కలిపాడు. ఏ వెర్షన్‌కి ర్యాంకు ఇవ్వను? విసుగొచ్చి పక్కన పెట్టేశాను. అన్యాయమే.

మధ్యలో ఇంకో పొరపాటు బయటపడింది. రెండు ఆల్బమ్‌లు వెంటవెంటనే వింటే, సౌండ్ ఎక్కువున్నదే బావున్నట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ సరిసమానం చేసి మళ్లీ వింటే నాలుగో స్థానంలో ఉన్నది తొమ్మిదికి జారింది.

చివరికి ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ చేసిన 'ఎ మూన్ షేప్డ్ పూల్' ఒకటో స్థానంలో నిలిచింది. అందులో పాటలు ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చి ఉన్నాయి, అయినా ఎక్కడా అతుకు కనబడదు. ఆఖరి పాట 1995 నుంచి వేదికల మీద పాడుతున్నదే. అప్పట్లో గిటారు మీద, ఇక్కడ పియానో మీద. ఇరవై ఏళ్లు ఆగి రికార్డు చేసినందుకు నష్టమేం లేదు.

బోవీకి రెండో స్థానం ఇచ్చాను. పదో స్థానానికి ఇద్దరు పోటీ పడ్డారు. డిసెంబరు 31 రాత్రి దాకా తేలలేదు. లిస్టు తొమ్మిదితోనే ఆపేశాను.